పిల్లలకు ప్రవేశం లేదు

“పిల్లల్ని చూసుకోవడం పని కాదు, వ్యాపారం! వ్యాపారానికి కావాలి లోను, లోనుకు ముందు కావాలి సలహా!” ఈ మహావాక్యం నాదే. హన్మకొండలో మా సలహా కేంద్రం గోడమీద నిలువెత్తు ఫ్లెక్సీగా వేలాడుతోంది. నేనక్కడ ముఖ్య సలహాదారుణ్ని మరి!

కొత్తవాడలో సుగుణ ఒక్క గదిలో బేబీకేర్ నడుపుతోంది. మా మూడేళ్ల మధు పగలంతా అక్కడే. ఓ రోజు ఆమె మా ఆఫీసుకొచ్చింది.

“జర లోను ఇప్పియ్యుండ్రి సారూ! ఓనరు రూం ఖాళీ చెయ్యమంటాండు. ఇంకో ఇంటికి అడ్వాన్సు కట్టకుంటే బంజేసుకునుడే.”

“శిక్షణ లేనిదే లోను లేదండీ! సోమవారం పిల్లల సంరక్షణ మీద సదస్సు. రోజంతా హాల్లో ఉండాలి. పిల్లలకు ప్రవేశం లేదు.”

“మరి ఆ రోజు పిల్లగాండ్లను ఎవలు చూస్తరు?”

ఎంత సంకుచితమైన ప్రశ్న! పెద్దమనసుతో క్షమించాను.

సోమవారం పొద్దున మధును తీసుకెళ్తే గదికి తాళం! మా ఆవిడ పద్మలత అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయింది. చేసేది లేక వాణ్ని చంకనేసుకుని సదస్సుకు చేరాను. అక్కడ లోన్ల అధికారి మహిపాల్ చంకకొకరు చొప్పున కవలపిల్లలతో చెమటలు కక్కుతున్నాడు. ఆయన పిల్లలూ సుగుణ దగ్గరే!

నేను మైకు పట్టగానే ముగ్గురూ ఏడుపు లంకించుకున్నారు. “సుగుణక్కా, జర పట్టుకో!” అన్నాం ఇద్దరం. ఆమె ముగ్గుర్నీ వరండాలోకి తీసుకుపోయింది. కాసేపట్లో హాలంతా నిశ్శబ్దం. ‘ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టే ఆధునిక పద్ధతులు’ అనే అంశం మీద ధారాళంగా ప్రసంగించాను. చప్పట్లే చప్పట్లు!

సాయంత్రం సర్టిఫికెట్లు పంచాం. సుగుణకు ఇవ్వలేదు. హాల్లో లేదు కదా! “అభ్యర్థికి పిల్లల సంరక్షణపై అవగాహన లేదు” అని ఆమె దరఖాస్తు మీద రాశాను. మహిపాల్ లోను తిరస్కరించి ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరం టీ తాగుతూ చాలా బాధపడ్డాం.

మర్నాడు పొద్దున పిల్లలతో ఆమె గుమ్మం ముందు నిలబడ్డాం. తలుపు తీసింది కానీ పిల్లల్ని అందుకోలేదు.

“నాకు పిల్లల సంగతి తెల్వదని మీరే రాస్తిరి గద! రాత్రంత ఏడ్సిన సారూ. తెల్వనిదాని చేతిల పిల్లలను పెట్టిపోతరా? తీస్కపోండ్రి!”

మధు ఆమెవైపు చేతులు చాచి గుక్కపట్టాడు. కవలల్లో ఒకడు మహిపాల్ చొక్కా తడిపేశాడు. ఆఫీసు టైము దాటిపోతోంది!

‘విశేష అనుభవం ఉన్నవారికి లోనుకు శిక్షణ అవసరం లేదు’ అనే నిబంధన మా ఇద్దరికీ ఆ గుమ్మం మీదే గుర్తొచ్చింది.