మంచం కింద మగ్గం

చిన్న వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే. వ్యాపారం పెట్టకండి, దరఖాస్తు పెట్టండి!

వ్యాపారంలో ఏముంది? తెల్లారకముందే లేవాలి, నడుం విరిగేలా పని చేయాలి, ఇంతా చేస్తే నష్టం రావచ్చు. దరఖాస్తుకు ఆ భయం లేదు. అది పూర్తయితే కదా లాభమో నష్టమో రావడానికి! పైగా గౌరవం. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అని గంభీరంగా చెప్పొచ్చు. ఇంత హుందా అయిన పని ఇంకెక్కడ దొరుకుతుంది?

నమ్మకం కుదరకపోతే వరంగల్ కొత్తవాడలో అనసూర్యను అడగండి.

అనసూర్య జంపఖానాలు నేస్తుంది. నూలు సేటుది, చేతులు ఆమెవి, నేసిన సరుకు మళ్లీ సేటుదే. కూలి ఎంతో కూడా సేటే చెబుతాడు. అలాంటిది హన్మకొండలో ఒక బడివాళ్లు తొలిసారి నేరుగా ఆమెనే అడిగారు. పిల్లలు కూర్చోవడానికి జంపఖానాలు కావాలి, బడి తెరిచేలోగా ఇవ్వగలవా అని. ఆమె వెనకాముందూ చూడకుండా ఒప్పేసుకుంది. సేటు పేరు లేకుండా తన పేరుతో అమ్మడమంటే మాటలా! సొంత నూలు కొనాలి, ఇంకో మగ్గం పెట్టాలి. కొత్త యూనిట్లకు సర్కారు సాయం ఉందని విని ఆఫీసుకు పోయింది.

"ఇంట్లో మగ్గం ఉందా?" అడిగాడు అక్కడి సారు.

"ఉన్నది సార్. మా అత్తమ్మ కాలం నుంచి ఉన్నది," అంది గొప్పగా.

"అయితే నీకు రాదమ్మా. కొత్తగా మొదలుపెట్టేటోళ్లకే ఇస్తం."

ఎంత లోతైన ఆలోచనో చూడండి! పని తెలిసినవాళ్లకు సాయం చేస్తే వాళ్లు నిజంగానే పని చేసేస్తారు. ఆ తర్వాత సర్కారు ఎవరిని ప్రోత్సహించాలి?

ఇంకేముంది, మగ్గాన్ని మాయం చేయాలి. కుర్చీ అయితే పక్కింట్లో పెట్టొచ్చు. ఇది గుంట మగ్గమాయె! కాళ్లు పెట్టుకునే గుంటను ఎవరింట్లో దాస్తారు? చివరికి భర్త కుమారస్వామి ఉపాయం చెప్పాడు. పైన కట్టిన కర్రలన్నీ విప్పి, పడుగు చుట్టి గుంటలో పెట్టి, దాని మీద మంచం వేశారు. మంచం మీద అత్తను పడుకోబెట్టారు.

"నాకేం రోగమొచ్చిందే?" అంది అత్త.

"ఏదో ఒకటి రానియ్యి అత్తమ్మా. సార్ పోయేదాంక జర మూలుగు."

మగ్గం తీసేశామని దరఖాస్తు పెట్టేసరికి సారు తనిఖీకి వచ్చాడు. ఖాళీ గదిని ఫోటో తీసుకున్నాడు. మంచం కింద గుంట కనబడి అదేమిటన్నాడు.

"నీళ్ల సంపు సార్!" అన్నాడు కుమారస్వామి, నోటికొచ్చినట్టు.

నీటి వసతి కలదని సారు సంతోషంగా రాసుకున్నాడు.

సర్కారు సాయం బ్యాంకు లోన్‌తో కలిపి వస్తుందట, ఇక బ్యాంకు వంతు. అక్కడి మేడమ్ ఫోన్ చేసి, అనుభవం లేనివాళ్లకు లోన్ ఇచ్చేది లేదంది. రేపు వస్తాను, మగ్గం మీద పని చేస్తూ కనబడాలంది. వెంటనే అత్త లేచింది, మంచం లేచింది, మగ్గం లేచింది. తీరా మేడమ్ రాలేదు. ఫోటోలో వెలుతురు చాలలేదని సారు మళ్లీ వస్తానన్నాడు. మగ్గం దిగింది, మంచం దిగింది, అత్త పడుకుంది. ఈలోగా మేడమ్ బయల్దేరానంది.

"లేవాల్నా, పండాల్నా? ఏదో ఒక్కటి చెప్పుర్రి!" అరిచింది అత్త. "నా పెండ్లికి కూడ ఇంత తిప్పల పడలే!"

ముసలివాళ్లకు ఇంత మంచి వ్యాయామం ఏ దవాఖానాలో చేయిస్తారు? అదీ ఉచితంగా!

ఆఖరికి సారూ మేడమూ ఒకే రోజు, ఒకే ఆటోలో దిగారు. కుమారస్వామి గది మధ్య చీర అడ్డం కట్టాడు. సారును అత్త వైపు, మేడమ్‌ను మగ్గం వైపు కూర్చోబెట్టాడు.

"ఆ టకటక ఏంది?" సారు అడిగాడు.

"మా అమ్మకు దగ్గు సార్."

"ఆ మూలుగేంటి?" చీర ఇవతల మేడమ్ అడిగింది.

"పాత మగ్గం కదా మేడమ్, గట్లనే మూలుగుతది," అంది అనసూర్య.

ఇద్దరూ తృప్తిగా చాయ్ తాగి వెళ్లారు. యూనిట్ లేదని ఒకరు, ఉందని ఒకరు రాశారు. రెండూ నిజమే కదా! ఫైలు పైకి వెళ్లింది. పైవాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. సంపు ఉన్న గదిలో నూలుకు తేమ తగులుతుందని గుర్తించారు.

"జంపఖానాలకు కుదరదమ్మా. కానీ నీళ్ల వసతి ఉంది కాబట్టి మినరల్ వాటర్ ప్లాంటుకు అర్హులు. కంగ్రాచ్యులేషన్స్! మళ్లీ అప్లై చేసుకోండి," అని ఫోన్ వచ్చింది.

ఎంత ఉదారం! నేతగత్తె తలుపు తడితే ఆమెలో దాగిన నీళ్ల వ్యాపారిని కూడా వెతికి చూపించారు.

అప్పటికి బడి తెరిచారు. ఇంకెన్నాళ్లు ఆగుతామమ్మా, వేరేచోట చూసుకుంటామని బడివాళ్లు చెప్పేశారు. అనసూర్య మంచాన్ని పక్కకు జరిపింది. ఆ తర్వాత మగ్గం బిగించి సేటు దుకాణానికి నడిచింది.

సేటు ఫోటో అడగలేదు. అనుభవం అడగలేదు. నూలు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"జల్దీ నెయ్యాలె అనసూర్యా. హన్మకొండల ఒక బడికి పంపాలె. పోరలు బండల మీద కూసుంటాండ్రట."

ఆమె నూలు వంక చూసింది.

"కూలి జర పెంచు సేటూ."

"ఎందుకు పెంచాలె? ఇన్ని దినాలు ఇంట్ల ఖాళీగనే ఉన్నవట కదా!"

కాబట్టి పాఠకులారా, సర్కారు సాయం వట్టిదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పథకం పుణ్యాన ఒక వ్యాపారం బ్రహ్మాండంగా నడుస్తోంది. దానికి దరఖాస్తు పెట్టిన మనిషి మాత్రం అందులో కూలికి నేస్తోంది.