తలాడించే బొమ్మల శనివారం

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌ని ఒకే ఊళ్ళో ఉంచకూడదు. ఉంచితే కుళ్ళిపోతాడు!

ఇది మా క్లబ్బు యజమాని ట్రిప్ హాలోవే గారి సిద్ధాంతం. ఒహాయోలోని ఈ చిన్న లీగు ఆటల గురించి మా ఊరి పత్రికలో ఏళ్ళ తరబడి రాస్తూ, చల్లారిన హాట్‌డాగ్‌లు తింటూ బతుకుతున్నవాణ్ని. ఒప్పుకోక చస్తానా?

వెండెల్ ప్రొహాస్కానే చూడండి. నలభైకి దగ్గరపడ్డ ఎడంచేతి పిచర్. ఎన్ని క్లబ్బులు మారాడో ఆయనకే గుర్తు లేదు. ఏం అదృష్టమండీ! మన ఇంటి కప్పు కారితే మనమే ఏడవాలి. ఆయనకు కప్పే లేదు! మనకు పక్కింటివాళ్ళతో గొడవలు. ఆయనకు పక్కింటివాళ్ళ పేరు తెలిసేలోపే బస్సు వచ్చేస్తుంది. ఏ రాష్ట్రంలో మోటల్ సబ్బు నురగ రాదో వాసన చూసి చెప్పేస్తాడు. ఇంత చదువు ఏ యూనివర్సిటీ చెబుతుంది?

అలాంటివాడికి ఈ వసంతంలో ఓ దుర్బుద్ధి పుట్టింది. కుదురుగా ఉండాలట! భార్య మార్లీన్, కూతురు జోసీ ఎక్కడో టెక్సాస్‌లో ఉంటారు. నాన్న బంతి విసరడం ఆ పిల్ల ఒక్కసారీ చూడలేదు. వీళ్ళు చూడ్డానికి వచ్చేసరికి ఆయన ఇంకో ఊళ్ళో తేలేవాడు.

"సార్, ఈ ఒక్క సీజన్ నన్ను కదపకండి. మావాళ్ళను తెచ్చుకుంటాను," అని బతిమాలాడు.

"పిచ్చోడా! అచ్చం నీలాగే ఉండే తలాడించే బొమ్మలు చేయిస్తున్నానయ్యా, ఆగస్టులో గేటు దగ్గర జనానికి పంచడానికి. బొమ్మ చేయించినవాణ్ని ఎవడైనా పంపించేస్తాడా?" అన్నారు హాలోవే గారు.

నమ్మాడు. ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పిల్లను ఇక్కడి బళ్ళో చేర్పించాడు. మార్లీన్ కిటికీలకు తెరలు కూడా కుట్టింది పాపం.

బొమ్మలు పంచే శనివారం వచ్చింది. ఆ పొద్దున్నే ఆయన్ని ఫోర్ట్‌డేల్ క్లబ్బుకు ఇచ్చేశారు. ఎవరికి బదులు? 'పేరు తర్వాత చెప్పబడే ఆటగాడి'కి బదులు! మా ఆటలో పాత ఆచారమే లెండి. ముందు మీ మనిషినివ్వండి, మా మనిషెవరో తర్వాత చూద్దాం. పెళ్ళి సంబంధంలో ఈ మాటంటే తన్ని తరుముతారు. ఇక్కడ చేతులు కలుపుకుంటారు.

పైగా ఆ రోజు మా మీద ఆడేది ఫోర్ట్‌డేలే. ప్రయాణం ఖర్చు కూడా లేదు! సంచి భుజాన వేసుకుని, నడవా దాటి, అవతలి డ్రెస్సింగ్ రూములోకి వెళ్ళాడు.

బొమ్మలు తయారై ఉన్నాయి కదా, పంచేశారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళ చొక్కాతో ప్రొహాస్కా మైదానంలోకి రాగానే మా జనం ఆయన బొమ్మలే చేత పట్టుకుని ఆయన్నే గేలిచేస్తూ ఊళలు పెట్టారు.

"పోవయ్యా ముసలోడా! నీ చెయ్యి ఎప్పుడో చచ్చిపోయింది!" అని నా పక్కసీటు ఎర్ల్ క్రిబ్స్ అరిచాడు. మొన్నటిదాకా ఈ ముసలోడికి బీరు పోయించింది ఈయనే. సిగ్గు లేకపోతే సరి!

ముందు వరుసలో ఓ పిల్ల లేచి చప్పట్లు కొట్టింది. తల మీద మా క్లబ్బు టోపీ.

"ఏయ్ పాపా, నువ్వు ఎవరి పక్షం?" అన్నాడు ఎర్ల్.

"మా నాన్న పక్షం," అంది జోసీ, వెనక్కి తిరక్కుండానే.

మావాళ్ళను వరసగా ఔట్ చేసి దిగాడు ప్రొహాస్కా. ఆట అయిపోగానే ఫోర్ట్‌డేల్ బస్సు ఆయన్ని ఎక్కించుకుని పోయింది. సోమవారం జోసీకి బడి. మా ఊళ్ళో.

"మార్పు మనిషికి మంచిదండీ," అన్నారు హాలోవే గారు, నేను అడిగితే.

ఎంత మంచి మాట! నా బాధల్లా ఒక్కటే. ఇంతటి భాగ్యం ఆయనకే దక్కలేదు. ఏళ్ళుగా అదే కుర్చీ, అదే గది, కారుకు అదే నీడ. మనిషి కుళ్ళిపోతున్నాడు! లీగు పెద్దలారా, దయచేసి రేపు పొద్దున్నే ఆయన్ని ఫోర్ట్‌డేల్‌కు ఇచ్చేయండి. బదులుగా వచ్చేవాడి పేరు తర్వాత చెప్పినా సరే. అసలు చెప్పకపోయినా సరే!