నమూనా రోగి

ఆ రోజు ఉదయం సాంఘిక శాస్త్ర విభాగం హెడ్డుగారి పథకం చాలా చిన్నది. టిఫిను చేసి, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి, లేని జబ్బొకటి చెప్పుకోవాలి. అక్కణ్ణుంచి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి అదే జబ్బు మళ్లీ చెప్పుకోవాలి. రెండు చోట్లా ఏం చేశారో పోల్చి, మధ్యాహ్నం కాలేజీకి రాబోయే తనిఖీ బృందం ముందు "అన్వేషణ అంటే ఇదండీ" అని గంభీరంగా నిలబడాలి. ప్రిన్సిపాల్ త్వరలో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీలో ఏ భంగిమలో కూర్చుంటే హుందాగా ఉంటుందో హెడ్డుగారు అప్పటికే ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటిలోనూ కూర్చుని చూసుకున్నారు.

విద్యార్థులు వెనకాల ఆయన్ని 'ప్రశ్నాపత్రం' అనేవారు. ఆయన నోట్లోంచి ప్రశ్నలు రావడమే తప్ప, ఎవరి ప్రశ్నా ఆయన చెవిలోకి వెళ్లేది కాదు. కిందటి నెల ఆయన్నొక శిక్షణ తరగతికి పంపారు. పాఠం ఏకరువు పెట్టకండి, పిల్లల చేత ప్రశ్నలడిగించండి, జవాబులు వాళ్లనే వెతుక్కోనివ్వండి అని అక్కడ చెప్పారు. అందులో ఆయన తలకెక్కింది మొదటి ముక్క ఒక్కటే. తిరిగొచ్చిన రోజునుంచీ పాఠం చెప్పడం మానేశారు.

మానేసి, 'మూడు దేశాల వైద్య వ్యవస్థలు: తులనాత్మక అన్వేషణ' అని బోర్డు మీద రాశారు. ప్రశ్న ఆయనే ఇచ్చారు. జవాబూ ఆయనే ఇచ్చారు. మధ్యలో అన్వేషణ మాత్రం విద్యార్థులను చేసుకోమన్నారు. కిటికీ పక్కన కూర్చునే గిరజాల జుట్టు అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మా అమ్మకి మోకాలి నొప్పి. రెండు ఆసుపత్రుల్లో రెండు రకాలుగా చెప్పారు. ఎందుకలా చెప్పారో కనుక్కుని, వేరే దేశాల్లో అయితే ఏం చేసేవాళ్లో చూస్తామండీ."

"అది మీ ఇంటి గొడవమ్మా. మనం మాట్లాడేది వ్యవస్థల గురించి."

"మనుషులు లేకుండా వ్యవస్థ ఎక్కడుంటుంది సార్?"

"పుస్తకంలో ఉంటుంది. కూర్చో."

అయితే ఈ తనిఖీ బృందంవాళ్లు క్షేత్ర పరిశీలన అంటే చెవి కోసుకుంటారని హెడ్డుగారికి ఆలస్యంగా తెలిసింది. విద్యార్థులను పంపితే పేరు వాళ్లకు పోతుంది. అందుకని నమూనా రోగిగా తానే బయల్దేరారు. జబ్బు ఎంపిక దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది పడ్డారు. కడుపునొప్పి హోదాకు తగదు. జ్వరమంటే థర్మామీటరు గుట్టు రట్టు చేస్తుంది. చివరికి ఎడమ చేతిలో తిమ్మిరి, గుండెల్లో బరువు ఖాయం చేసుకున్నారు. వినడానికి గౌరవంగా ఉంటాయి, పైగా లేవని ఎవరూ అనలేరు.

నిజంగానే ఎవరూ అనలేదు. రిసెప్షన్‌లో ఆ వాక్యం పూర్తయ్యేలోపే చక్రాల మంచం వచ్చింది. ఇద్దరు ఆయన్ని ఎత్తి పడుకోబెట్టారు. ఇంకొకరు చొక్కా విప్పి ఛాతీ మీద తీగలు అతికించారు.

"ఆగండాగండి! నాకే జబ్బూ లేదు!"

"మొదట్లో అందరూ అలాగే అంటారు సార్. కదలకండి," అంది నర్సు.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు వంగి ఆయన కళ్లలోకి చూశాడు. "సార్, మీరెక్కడున్నారో తెలుస్తోందా?"

"నేను వ్యవస్థలో ఉన్నాను. దాన్ని లోపల్నుంచి పరిశీలిస్తున్నాను."

డాక్టరు కలం ఆగింది. "ఇవాళ ఏ వారం సార్?"

"చూడు నాయనా, జవాబు ముఖ్యం కాదు, ప్రశ్న ముఖ్యం. అసలా ప్రశ్న నీకెందుకు పుట్టిందో ఆలోచించు."

"పోనీ, నొప్పి ఎప్పట్నుంచి?"

"నొప్పేమిటయ్యా! నేను మూడు దేశాల్ని పోలుస్తుంటే!"

డాక్టరు నర్సు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "గుండెతోపాటు తలకి కూడా స్కాన్ రాయండి. ఇంట్లోవాళ్లకి ఫోన్ చెయ్యండి."

భార్య తడి చేతులు తుడుచుకుంటూనే పరిగెత్తుకొచ్చింది. వెనకాలే ఆమె తమ్ముడూ వచ్చాడు. డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

"అమ్మా, సారు పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. జవాబులు అక్కర్లేదంటున్నారు. ఇలా ఎప్పట్నుంచి?"

"అదా! నెల్లాళ్లయింది డాక్టరుగారూ. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, సరిపోవడం అంటే ఏమిటో నువ్వే అన్వేషించు అంటారు."

"నెల్లాళ్లా!" డాక్టరు మొహం పాలిపోయింది. "అంతకు ముందు బాగానే ఉండేవారా?"

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. "అంతకు ముందు ఇంకో రకంగా ఉండేవారు."

మంచం మీంచి హెడ్డుగారు గావుకేక పెట్టారు. "నేను నటించానే! నువ్వైనా చెప్పవే!"

"ఆయనకి నటించడం రాదండీ," అంది భార్య ఎంతో నమ్మకంగా. "మా తమ్ముడి కొత్త ఇల్లు బాగుందని ఒక్క మాట అనమంటేనే చేతకాలేదు."

ఇల్లు సంగతి గుర్తున్నా, బావమరిది మనసులో ఏమీ పెట్టుకోలేదు. "మా బావ విషయంలో రాజీ లేదు. ఎన్ని పరీక్షలుంటే అన్నీ చేసెయ్యండి," అని సంతకం పెట్టేశాడు.

కబురు కాలేజీకి చేరింది. ప్రిన్సిపాల్ పరామర్శకు విద్యార్థులను పంపాడు. పరామర్శ త్వరగానే అయిపోయింది, ఎందుకంటే రోగి ఎవరితోనూ మర్యాదగా మాట్లాడటం లేదు. ఏం చెయ్యాలో తోచక గిరజాల జుట్టు అమ్మాయి డాక్టరును పట్టుకుంది.

"ఈ స్కాన్ ఎందుకండీ? తియ్యకపోతే ఏమవుతుంది? ఇదే మనిషి ప్రభుత్వ ఆసుపత్రికెళ్తే ముందెవరు చూస్తారు? ఏ పరీక్ష చెయ్యాలో తేల్చేది మీరా, మీ యాజమాన్యమా, పేషెంటుగారి బావమరిదా?"

డాక్టరు నవ్వలేదు. అతన్ని అలా అడిగినవాళ్లు అంతవరకూ లేరు. "గుండెల్లో బరువన్న మనిషిని ఊరికే పంపించేస్తే రేపు నన్ను నిలదీస్తారమ్మా. అన్నీ చేస్తే ఇదుగో, మీరు నిలదీస్తున్నారు. ఈ రెంటి మధ్యా నాకు కాస్త చోటిచ్చే దేశం ఎక్కడైనా ఉంటే వెతికి చెప్పండి, నేనూ వింటాను."

"ఏయ్! నేనిచ్చిన ప్రశ్నలే అడగాలి!" స్కాన్ గదిలోకి వెళ్తున్న మంచం మీంచి హెడ్డుగారు అరిచారు. తలుపు మూసేశారు.

విద్యార్థులు అట్నుంచటే ప్రభుత్వ ఆసుపత్రికి నడిచి, వరసలో నిలబడ్డవాళ్లతో మాట్లాడి, లైబ్రరీలో దూరి, తనిఖీ బృందం వచ్చే వేళకు కాలేజీలో ఉన్నారు. హెడ్డుగారు మాత్రం వెనక ముడులు ఊడిపోయే ఆసుపత్రి గౌనులో, కదిలితే కూత పెట్టే యంత్రం పక్కన పడుకుని ఉన్నారు. మధ్యాహ్నం దాటాక ప్రిన్సిపాల్ ఫోన్ వచ్చింది.

"మాస్టారూ, మీరు నిశ్చింతగా పడుకోండి. బృందం పొంగిపోయిందనుకోండి! ఆ గిరజాల పిల్ల వాళ్లమ్మ మోకాలితో మొదలెట్టి మూడు దేశాలు తిప్పేసింది. తెలియని చోట తెలియదని కూడా చెప్పింది, అది వాళ్లకి మరీ నచ్చింది. అధ్యాపకుడు ఎక్కడా అడ్డు రాకుండా నడిచిన ప్రాజెక్టు చూడటం ఇదే మొదటిసారట!"

"రూపకల్పన నాదని చెప్పారా?"

"చెప్పకపోవడమేమిటి! ఆయన ఏం చేశారని అడిగారు. ఆసుపత్రిలో చేరారన్నాను. చాలా మంచి పద్ధతి, మిగతా విభాగాలవాళ్లూ పాటిస్తే బాగుండునన్నారు."

ఫోన్ పెట్టేసరికి కుర్ర డాక్టరు నవ్వు మొహంతో వచ్చాడు. "అభినందనలు సార్. అన్నీ మామూలుగా ఉన్నాయి. మీకే జబ్బూ లేదు. ఇంటికెళ్లిపోవచ్చు."

పొద్దుట్నుంచీ గొంతు చించుకుని తాను చెప్పిన మాటే అది. ఇప్పుడు చెంపదెబ్బలా తగిలింది. జబ్బంటూ ఉంటే ఆయన విధి నిర్వహణలో కుప్పకూలిన త్యాగమూర్తి. లేకపోతే, కాలేజీకి అతి ముఖ్యమైన రోజున గౌను కట్టుకుని పడుకున్న వెర్రివాడు. రెండోది ప్రిన్సిపాల్ కుర్చీకి ఏమాత్రం పనికిరాదు.

"సరిగ్గా చూశారా? ఎడమ చెయ్యి ఇప్పుడు నిజంగానే తిమ్మిరెక్కుతోంది!"

"దాని మీద పడుకున్నారు సార్. అంతే."

అక్కడ మాటకు విలువ లేదని తేలిపోవడంతో హెడ్డుగారు భార్యను వెంటేసుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. బల్ల మీద చోటు దొరక్క, గోడకానుకుని చాలాసేపు నిలబడ్డారు. లోపలి డాక్టరమ్మ నడివయసు మనిషి. నాడి చూసింది, గుండె విన్నది, స్కాన్ కాగితాలు తిరగేసింది.

"మీకేం లేదండీ. భోజనం చేశారా?"

"లేదు."

"వెళ్లి చెయ్యండి."

"ఒక్క నిమిషం డాక్టరుగారూ," హెడ్డుగారు గొంతు తగ్గించారు. "పెద్ద జబ్బే కానక్కర్లేదు. ఏదో ఒక చిన్నది... కనీసం తీవ్రమైన అలసటని రాయండి."

"దేనివల్ల అలసట?"

జీవితంలో మొదటిసారి ఆయన ఒక ప్రశ్నను పూర్తిగా విన్నారు. ఎంత వెతికినా జవాబు దొరకలేదు. భార్య చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"జబ్బు లేదంటున్నారుగా, సంతోషించక ఆ మొహమేమిటండీ? పదండి."

ఏమీ లేదన్న మాట వినాలని ఆ గది ముందు పొద్దుట్నుంచీ ఎందరో నిలబడ్డారు. అది విని ఏడుపు మొహంతో బయటికొచ్చింది మాత్రం ఆయనొక్కరే.