ఖాళీ చెయ్యి లేని కార్బన్

ఉదయం కాఫీ చేతికందేసరికే నిట్టూర్పు మేష్టారు తన ఉద్యోగం ఊడిపోయినట్టు తీర్మానించుకున్నారు. నిజానికి ఊడలేదు. ఊడటానికి ఇంకా మధ్యాహ్నం దాకా వ్యవధి ఉంది. కానీ రాబోయే కష్టాన్ని ముందే అనుభవించేస్తే తర్వాత తీరిగ్గా ఉండొచ్చన్నది ఆయన సిద్ధాంతం. ఆ తీరిక ఇంతవరకూ ఆయనకు చిక్కలేదు. నిట్టూర్పు మేష్టారన్న పేరు బడి పిల్లలు పెట్టింది. రసాయనశాస్త్రం పాఠానికి ముందొక నిట్టూర్పు, చివరొక నిట్టూర్పు ఆయనకు అలవాటు. రెండోది వినబడగానే, గంట కొట్టినా కొట్టకపోయినా పిల్లలు పుస్తకాలు మూసేసేవారు.

ఈసారి భయానికి కారణం లేకపోలేదు. బడి యాజమాన్యం కొత్తగా ఒక నియమం తెచ్చింది. ఏ పాఠం చెప్పినా అందులోనే ఒక మనసు పాఠం కూడా కలిపి చెప్పాలి. సాటివాడి బాధ గుర్తించడం, తన కోపం తాను తెలుసుకోవడం, నలుగురితో కలిసిమెలిసి ఉండటం, ఇలాంటివన్నమాట. లెక్కల టీచరు భిన్నాలతో పాటు ఓర్పు నేర్పిందని, ఆ ఓర్పు చివరికి ఆవిడకే పనికొచ్చిందని చెప్పుకున్నారు. అలా కలపడం చేతకాని వాళ్ళ పాఠాలు ఇకమీదట తెరమీద వీడియో చెబుతుంది. ఆ మేష్టర్లు బడి బస్సుల్లో పిల్లల్ని ఎక్కించి దించే పని చూసుకోవాలి. ఇవాళ పై ఆఫీసు నుంచి పరిశీలకురాలు వచ్చి మన మేష్టారి తరగతి చూస్తుంది. చెప్పవలసిన పాఠం సమజాత శ్రేణి, అంటే ఒక్కొక్క కార్బన్ చేరుతూ గొలుసుగా పెరిగే మీథేన్ కుటుంబం.

"మీథేన్‌కి మనసెక్కడిదే?" అన్నారు మేష్టారు, భార్యతో కాదు, కాఫీ గ్లాసుతో.

భార్య ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఉద్యోగం రోజూ ఉదయం ఊడి సాయంత్రం తిరిగి రావడం చూస్తున్న మనిషి గనక చెయ్యి ఆపలేదు. "కార్బన్‌కి నాలుగు చేతులనీ, ఒక్కటీ ఖాళీగా ఉండదనీ మీరే కదండీ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంటారు. పిల్లల్ని ఒకళ్ళ చెయ్యొకళ్ళని పట్టుకోమనండి. అదే స్నేహం, అదే కెమిస్ట్రీ. దానికింత రాద్ధాంతమెందుకు?" అంది.

మేష్టారు ఆవిడ వైపు కొత్తగా చూశారు. ఉపాయం బాగుంది. బాగుంది కాబట్టే ఎక్కడో ఏదో తిరకాసు ఉండి తీరుతుందనుకున్నారు. నల్లబల్ల మీద ఒక కార్బన్ పక్కన ఇంకో కార్బన్ గీసి, వెనక బెంచీలో ఎవరి ముఖమైనా వెలగడం చూసే ఆ క్షణం తప్ప ఆయనకు ఈ లోకంలో వేరే సంతోషం లేదు. అదీ పోతే మిగిలేది నిట్టూర్పే. ఆ ఆలోచనతోనే దారిలో దుకాణంలో ఆగి ఒక సంచి నిండా బుడగలు కొన్నారు.

ఏర్పాటు ఇది. ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక కార్బన్. రెండు చేతులతో అటూ ఇటూ ఉన్నవాళ్ళను పట్టుకోవాలి. రెండు భుజాలకూ రెండు బుడగలు, అవి హైడ్రోజన్లు. వరస మొదట్లోనూ చివరా ఉన్నవాళ్ళకు ఒక చెయ్యి మిగిలిపోతుంది గనక ఆ చేతికి ఇంకో బుడగ. కొత్తగా ఒకరు వచ్చి చేరినప్పుడల్లా గొలుసు ఒక కార్బన్, రెండు హైడ్రోజన్ల మేర పెరుగుతుంది. మీథేన్ ఈథేనవుతుంది, ఈథేన్ ప్రొపేనవుతుంది. ఇక మనసు పాఠమేమిటంటే, కొత్తగా చేరినవాళ్ళు తమ మనసులో ఉన్న బరువొకటి పైకి చెప్పాలి. "తేలికైంది" అని వాళ్ళు అనేదాకా చెయ్యి వదలకూడదు. కార్బన్ చెయ్యి ఖాళీగా ఉండకూడదు, తేలికయ్యేదాకా చెయ్యి వదలకూడదు అన్న రెండు సూత్రాలనూ బల్లమీద పెద్దక్షరాలతో రాశారు.

పరిశీలకురాలు ఆలస్యంగా వస్తోందని కబురొచ్చినా పాఠం మొదలైంది, పైగా బాగా సాగింది. ప్రొపేన్‌గా చేరిన పిల్లాడు తనకు చీకటంటే భయమన్నాడు. బ్యూటేన్ తన చెల్లెలి పెన్సిల్ తనే విరిచానని ఒప్పుకుంది. ఎవరి బరువు వాళ్ళు దించుకుని, పక్కవాడి బరువు విందామన్న ఉత్సాహంలో చెయ్యి మాత్రం ఎవరూ వదల్లేదు. తరగతంతా ఒకే గొలుసై గోడ వెంబడి నిలబడింది. అంతా ఇంత సవ్యంగా జరగడం మేష్టారికి కాస్త కంగారుగానే ఉంది.

గొలుసు చివర నిలబడింది, ధర్మసందేహం అని అందరూ పిలిచే అమ్మాయి. ఆ అమ్మాయికి ఏ సూత్రం చెప్పినా అక్షరం జారకుండా పాటిస్తుంది, జారబోతే సందేహం అడుగుతుంది. ఆమె చేతిలో బుడగ కిటికీ కొక్కేనికి తగిలి పగిలింది.

"సార్, నా చెయ్యి ఖాళీ అయింది. ఖాళీ చేత్తో కార్బన్ ఉండొచ్చా?"

ఉండొచ్చమ్మా అనేస్తే సరిపోయేది. కానీ మేష్టారు భార్యతో అబద్ధమాడగలరు, ప్రిన్సిపాల్‌తో ఆడగలరు, కార్బన్ విషయంలో మాత్రం ఆడలేరు. "ఉండకూడదు" అన్నారు, సంచిలోంచి ఇంకో బుడగ తీసి ఊదబోతూ. సరిగ్గా అప్పుడే, పరిశీలకురాలు బయల్దేరిందని చెప్పడానికి అటెండరు గుమ్మంలోకి వచ్చాడు. ధర్మసందేహం అతని చెయ్యి పట్టేసుకుంది.

అతను వదిలించుకోబోయాడు. "మీ మనసులో ఏముందో చెప్పాలి మామయ్యా" అంది పిల్ల. ఏముంటుందమ్మా నాకు అంటూనే మొదలుపెట్టాడు. అందరూ ఇంటికెళ్ళే గంట రోజూ తనే కొడతాడట. తను మాత్రం అన్ని తలుపులకూ తాళాలేసి అందరికంటే చివర ఇంటికి చేరతాడట.  తేలికైందా అంటే ఇంకా లేదన్నాడు. ఈలోగా మేష్టారు ఊదిన బుడగలు రెండూ అతని భుజాలకే సరిపోయాయి. రెండో చెయ్యి ఖాళీగానే ఉందని ధర్మసందేహం గుర్తుచేసింది. అటెండరు వరండాలోకి చెయ్యి చాచి, అటుగా పోతున్న గుమాస్తాను అందుకున్నాడు.

తిరకాసు అక్కడే ఉంది. సంచిలో బుడగలకు కొదవలేదు. కానీ ఊదడానికి ఖాళీగా ఉన్న నోరూ చేతులూ మేష్టారివి మాత్రమే. కొత్తవారి భుజాలకు రెండు కట్టి, చివరి చేతికి మూడోది ఊదేలోగా ఇంకొకరు వచ్చి చేరేవారు. గుమాస్తా తర్వాత ఆటల మేష్టారు, ఆయన తర్వాత లెక్కల టీచరు. వాళ్ళలో ఎవరి మనసూ పిల్లల మనసంత త్వరగా తేలికపడలేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న కదా, ఒక్కొక్కరూ బాల్యం నుంచి మొదలుపెట్టారు. గొలుసు వరండా దాటి, మెట్లు దిగి, ఆటస్థలంలోకి నడిచింది. మేష్టారు బుగ్గలు పూరించుకుని వెనకాలే పరుగెత్తారు.

పైఅంతస్తు కిటికీలోంచి ప్రిన్సిపాల్‌కు కనబడింది వేరు. పరిశీలకురాలు వచ్చే వేళకు సిబ్బంది యావత్తూ పిల్లల్ని ముందు పెట్టుకుని, బుడగలతో సహా మానవహారం కట్టారు. తెర సంగతీ బస్సుల సంగతీ వాళ్ళకు రుచించలేదని ఆవిడకు తెలుసు. ఇంత దూరం వెళ్తారనుకోలేదు. గబగబా దిగివచ్చింది. దిగేసరికి హారానికి నాయకుడిలా అటూ ఇటూ తిరుగుతున్నది, గట్టిగా తుమ్మితే క్షమాపణ చెప్పే నిట్టూర్పు మేష్టారు. నోరు లేనివాడనుకుంటే ఇన్నాళ్ళూ కడుపులో ఇంత పెట్టుకున్నాడా అనుకుంది.

"ఇదంతా మీ పనేనా?" అని అడిగింది. నోట్లో బుడగ ఉండటంతో ఆయన తలూపారు.

"సరే, ఇప్పుడా పరిశీలకురాలి ముందు నా పరువు తీయకండి. మీకేం కావాలో చెప్పండి."

మేష్టారికి అర్థమైంది ఒకటే. అంతా అయిపోయింది. అయిపోయినవాడికి ఇక దాపరికమెందుకు? బుడగ తీశారు. అది బుర్రుమంటూ ఎటో పోయింది. "నన్ను బస్సులకి వేయకండి మేడమ్. నాకు పాఠం చెప్పడం తప్ప ఇంకేం రాదు. అదొక్కటి తీసేస్తే నేనింక మనిషినే కాను" అన్నారు. ఆ గొంతులో నాయకుడు లేడు. ప్రిన్సిపాల్ అది గమనించలేదు. బస్సుల జాబితాలోంచి మీ పేరు కొట్టేస్తున్నానని అక్కడికక్కడే మాటిచ్చింది. మేష్టారు అమ్మయ్య అనుకోబోయేంతలో లెక్కల టీచరు ప్రిన్సిపాల్ చెయ్యి పట్టుకుంది.

ప్రిన్సిపాల్ మొదట కోప్పడింది. చుట్టూ పిల్లలు నిజంగానే ఎదురుచూస్తుండటంతో నీరుగారిపోయింది. "పై ఆఫీసంటే నాకు వణుకండీ. ఆ పరిశీలకురాలొస్తుందంటే వారం ముందునుంచీ ముద్ద దిగదు" అంది. ఆ ముక్క గేటు దాటి లోపలికొచ్చిన పరిశీలకురాలు స్పష్టంగా వింది. విని కూడా మర్యాదకు చెయ్యి చాచింది. ప్రిన్సిపాల్ ఖాళీ చేత్తో దాన్ని అందుకుంది. అందుకున్నాక వదలడానికి వీల్లేదని ధర్మసందేహం దూరం నుంచే హెచ్చరించింది.

పరిశీలకురాలు ఏం జరుగుతోందని అడిగింది. ఆటల మేష్టారు వివరించాడు. ఆవిడ గొలుసునంతా ఆ చివరిదాకా చూసింది. తర్వాత చాలా మెల్లగా, "నేను వెళ్ళిన ప్రతి బళ్ళోనూ అందరూ చేతులు కట్టుకుని నిలబడతారు. చెయ్యి పట్టుకున్నది మీరే" అంది. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి మాత్రమే మిగిలింది. తుడుచుకున్నాక అదీ ఖాళీయే.

ఆ చేతికి అవతల గేటు ఉంది. గేటు అవతల వీధి, వీధి నిండా జనం.  గొలుసు పొడుగయ్యేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందనీ, వాయువుగా మొదలైనది ద్రవమై చివరికి మైనంలా గడ్డకడుతుందనీ పొద్దున చెప్పింది మేష్టారే. ఊరి జనమంతా చేరితే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఈ గొలుసుకు అంతు లేదు, తనకు గతి లేదు అనుకుంటుండగా, అంతు లేకపోతేనేం అనిపించింది. అంతే, వరస మొదటికి పరుగెత్తారు. మొదటి పిల్లాడి చేతిలో బుడగను జేబులోని పిన్నీసుతో పొడిచి పేల్చారు. వాణ్ణి పట్టుకుని ఆటస్థలం చుట్టూ గొలుసునంతా తిప్పి తెచ్చి, వాడి చేతిని పరిశీలకురాలి చేతిలో పెట్టారు.

"ఇది వలయం" అన్నారు. ఆయాసంలోనూ గొంతు ఖంగుమంది. "మొదలూ లేదు, చివరా లేదు. గొలుసుకంటే రెండు హైడ్రోజన్లు తక్కువ, అయినా ఎవరి చెయ్యీ ఖాళీ లేదు. చూడండమ్మా, మీ కళ్ళముందే ఉంది."

పిల్లలు ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు. చివరలే కనబడలేదు. ఒక్కొక్క ముఖమే వెలుగుతూ వచ్చింది. ధర్మసందేహానికి అడగడానికి ఏమీ తోచలేదు. "తేలికైంది" అంది పరిశీలకురాలు. చేతులు ఒక్కొక్కటే విడివడ్డాయి. ఆ సాయంత్రం మేష్టారు నిట్టూర్పు విడవకుండా ఇంటికెళ్ళారు. భార్య ఒళ్ళు కాలుతోందేమోనని నుదురు పట్టి చూసింది.

మర్నాడు పరిశీలకురాలి నిర్ణయం మేష్టారిని ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టి చెప్పారు. మనసు పాఠంలో ఇలాంటి మేష్టారు మరొకరు లేరట. రసాయనం దగ్గరే చిన్న పొరపాటు. వలయం సమజాత శ్రేణి పాఠంలో లేదు, గీత దాటారు. కాబట్టి రసాయనం వీడియోకే వదిలేసి, మేష్టారు ఇక యాజమాన్యం కింద ఉన్న బళ్ళన్నింటికీ తిరిగి మనసు పాఠాలు మాత్రమే చెప్పాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆయన ఏదో అనబోయారు. వలయం గురించి ఒక్క మాట చెప్పాలనుకున్నారు గానీ అడిగేవాళ్ళు లేరు.

ప్రిన్సిపాల్ ఆడిన మాట తప్పలేదు, బస్సుల జాబితాలోంచి ఆయన పేరు ఎర్రసిరాతో కొట్టేసింది. బళ్ళు ఒకదానికొకటి దూరం గనక రాకపోకలకు బడి బస్సులోనే ముందు సీటు ఇప్పించింది. ఎలాగూ బస్సులోనే ఉంటారు కదా అని, పిల్లల్ని ఎక్కించి దించే పని కూడా ఆయన్నే చూసుకోమన్నారు.