నానని చేప

కొత్త నానో పూత మందు కొడితే కళింగపట్నం ఎండుచేపలకు ఇక వానంటే భయం లేదని, ఈగంటే అసలే లేదని మంత్రి నరసింగరావుగారు తీరాన షామియానా కింద ప్రకటించారు. "నానో చేప నానదు!" అన్నారు. ప్రాస కుదిరినందుకు పార్టీవాళ్లు ఐదు నిమిషాలు చప్పట్లు కొట్టారు.

ముప్పయ్యేళ్లుగా చేపలు ఎండబెడుతున్న నారాయణమ్మ మాత్రం కొట్టలేదు.

"నానకపోతే ఉప్పెలా పడతాది బాబూ? ఉప్పునీళ్లలో నానితేనే గదా సేప నిలవుంటాది?"

"అది ఓల్డ్ టెక్నాలజీ," అన్నారు మత్స్యశాఖ అధికారి ఉమాశంకర్.

"మరి ఆ మందు కడుపులోకెల్తే ఏటవుతాది?"

"కంటికే కనబడని రేణువమ్మా! కడుపుకేం తెలుస్తుంది?"

ఇంత గట్టి జవాబుకు ఆవిడ నోరు మూతపడాలి. పడలేదు. అందుకే కాబోలు, తొలి ప్రయోగానికి ఆవిడ సరుకునే ఎంపిక చేసి గౌరవించారు. వేట నిషేధం రెండు నెలలూ ఇల్లు గడవడానికి ఎండబెట్టుకోవాలని తెచ్చిన ఎనిమిది గంపల పచ్చిచేపల మీదా ఉప్పు పట్టకముందే మందు కొట్టేశారు.

మందు పని చెయ్యలేదంటే కళ్లు పోతాయి. ఈగలు వాలబోయి జారిపడ్డాయి. వాటి వెనకే ఆవిడ వేసిన ఉప్పూ జారిపోయింది. నాలుగో రోజుకి గంపలన్నీ కుళ్లాయి.

నారాయణమ్మ కుళ్లిన చేపను చేత్తో పట్టుకుని ఆఫీసుకెళ్లింది.

"సూడండి బాబూ! రెండు నెల్లూ ఏటి తినాల మేం?"

ఉమాశంకర్ సానుభూతితో ముక్కు మూసుకుని ఫిర్యాదుల రిజిస్టర్ ముందుకు తోశారు. గుమాస్తా రాయబోతే సిరా పూసల్లా దొర్లి బల్ల మీద పడింది.

"దీనికీ నానో పూతే. తుపానొచ్చినా రికార్డు తడవదు," అన్నారాయన గర్వంగా.

ఆవిడ వేలిముద్ర వేసింది. అంటలేదు. కసికొద్దీ అదే చేత్తో నూరు పేజీలూ తిప్పి, ప్రతి పేజీ మీదా అరచెయ్యి అదిమింది. ఒక్కటీ నిలవలేదు. 'ఫిర్యాదులు: నిల్' అని ఆయన మామూలు కాగితం మీద పైకి రాసి పంపారు.

సోమవారం మంత్రిగారు విలేకరుల ముందు ఆ రిజిస్టర్ ఎత్తి చూపారు. "ఒక్క మరకుంటే చూపించండి!"

నిజంగానే పొందూరు పంచెలా తెల్లగా ఉంది. ఆయన ఉత్సాహంగా పేజీలు తిప్పారు. ముందు వరస విలేకరులు ముక్కులు మూసుకున్నారు. ఆయనా రుమాలు తీశారు.

"ఏం లేదు, సముద్రపు గాలి," అన్నారు.

గుమ్మంలోంచి నారాయణమ్మ అంది: "కాదు బాబూ, అది నా అర్జీ. కంటికి కనబడదు."