తొట్టిలో పడ్డ ఉత్తర్వు

ఎలాగైనా ఈ రోజు గడ్డిలోంచి చక్కెర తీసి తీరాలని పొద్దున్నే కంకణం కట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది గడ్డి మేడమ్. ఎండుగడ్డిలోని పీచును ఎంజైములతో విడగొట్టి చక్కెరగా మార్చడం ఆమె పని. ఆ పేరు తోటివాళ్లు పెట్టింది. మూడేళ్లుగా గడ్డీ కరగలేదు, ఆమె పట్టూ సడలలేదు.

పదింటికి డైరెక్టరుగారు లావుపాటి ఫైలుతో ఊడిపడ్డారు. "మీ ప్రాజెక్టు మూసేస్తూ ఉత్తర్వు. సంతకం పెట్టేశాను. నాలుగింటిలోపు చక్కెర చూపిస్తే చించేస్తా, లేకపోతే పై ఆఫీసుకి పంపేస్తా" అని ఫైలు బల్ల మీదున్న ఎండుగడ్డి పక్కన పడేశారు. అంతలో ఫోను మోగితే బయటికి వెళ్లారు.

మేడమ్ గడియారం వైపు చూసింది. "బాబాయ్! బల్ల మీదున్న చెత్తంతా మిక్సీ పట్టి తొట్టిలో వేసెయ్!" అని ఎంజైము కోసం ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. బాబాయ్ అంటే అటెండరు, ఆఫీసులో అందరికీ బాబాయే. ఆమె తిరిగొచ్చేసరికి తొట్టిలో తెల్లటి గుజ్జు సిద్ధంగా ఉంది. కంగారులో రంగు కూడా చూడకుండా సీసా మొత్తం వంపేసి వేడి పెట్టింది.

"నా ఫైలేదీ?" డైరెక్టరుగారు వచ్చారు.

"మిక్సీ పట్టేశానండి," అన్నాడు బాబాయ్ వినయంగా. "అట్ట మాత్రం నలగలేదు."

"మరి గడ్డి?" మేడమ్ కేక పెట్టింది.

"పక్కన పెట్టానమ్మా. మూడేళ్లుగా వేస్తూనే ఉన్నాం, ఏం ఒరిగింది?"

"అన్నీ అసలు కాగితాలయ్యా! నకళ్లు కూడా లేవు!" డైరెక్టరుగారు చొక్కా చేతులు మడిచి గరిటె అందుకున్నారు. సంతకమున్న ముక్కయినా దొరక్కపోతుందా అని మధ్యాహ్నం భోజనం కూడా మానేసి తొట్టిని కలియబెడుతూనే ఉన్నారు. బాబాయ్ పక్కనే జల్లెడ పట్టుకుని నిలబడ్డాడు. ఇక ప్రాజెక్టుతో పాటు ఉద్యోగం కూడా పోయినట్టేనని మేడమ్ కుర్చీలో కూలబడింది.

మూడు దాటింది. "అయ్యయ్యో, ముక్కలన్నీ కరిగిపోతున్నాయి!" అని డైరెక్టరుగారు గోల పెట్టారు.

మేడమ్ చివాలున లేచింది. ఆ తొట్టిలో ఇంతవరకూ ఏదీ కరిగిన పాపాన పోలేదు! చుక్క తీసి చక్కెర మీటరులో వేసింది. సున్నా తప్ప ఎరగని మీటరు అంకెలు ఎక్కడం మొదలెట్టింది. కాగితం తయారీలోనే పీచును పట్టి ఉంచే జిగురు పోతుంది కాబట్టి, గడ్డి దగ్గర చేతులెత్తేసిన ఎంజైము ఫైలును నమిలి పారేసింది.

"చక్కెర! సార్, చక్కెర! బాబాయ్, చక్కెరొచ్చింది!" ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పట్టరాని సంతోషంతో బాబాయ్ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "ఇంకా నాలుగు కాలేదు సార్. మాట ప్రకారం ఉత్తర్వు చించేయండి!"

డైరెక్టరుగారు గరిటె పైకెత్తారు. దాని చివరనుంచి పల్చటి నీళ్లు కారాయి. "ఏది చించమంటారమ్మా?"

ఫలితం ఖాయం చేసుకోవడానికి అలాంటి ఉత్తర్వులు మరో అయిదు కిలోలు ఇప్పించాలని మర్నాడు ఆమె అర్జీ పెట్టుకుంది.