మధురవాడ దగ్గర ఒక ఫర్లాంగు

ఆ బుధవారం ఉదయం శుభాకర్ వేసుకున్న పథకంలో ఇబ్బంది పెట్టే విషయం ఒక్కటీ లేదు. పదింటికి ల్యాబ్ తెరవాలి. రిజిస్టరులో వారానికి సరిపడా అంకెలు వేసేయాలి. పదిన్నర బస్సెక్కి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి, భార్య జయశీల అడిగిన కోనాం చేప కొనుక్కుని భోజనం వేళకు ఇంట్లో ఉండాలి.

రోడ్ల శాఖవారి తారు పరీక్షించే ఆ ల్యాబ్‌లో అతను ఎనిమిదేళ్ళుగా టెంపరరీ అసిస్టెంటు. పీపాలోంచి తీసిన తారును కరిగించి, డబ్బాలో పోసి చల్లార్చి, పాతిక డిగ్రీల నీళ్ళలో ఉంచాలి. వంద గ్రాముల బరువుతో ఒక సూదిని దానిమీద ఐదు సెకన్లు వదలాలి. సూది దిగిన లోతు, మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన, ఎనభైకీ వందకీ మధ్య వస్తే తారు మంచిది. తక్కువొస్తే మరీ గట్టిది, ఎక్కువొస్తే మరీ మెత్తది. అతనికి ముందున్నాయన రిటైరవుతూ తాళంచెవితో పాటు ఒక సలహా కూడా ఇచ్చి వెళ్ళాడు. "ఎనభై ఏడు వేస్తుండు. ఎవడూ అడగడు." ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగలేదు.

శుక్రవారం దాకా అంకెలు వేశాడో లేదో, గుమ్మం ముందు జీపు ఆగింది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈ.ఈ.) సన్యాసిరాజు దిగకుండానే పిలిచాడు.

"ఏమయ్యా, మా అందరి మీదా కొత్తగా వచ్చిన ఎస్.ఈ. గారు మూడు గంటలకొస్తన్నారు. సూది పరీక్ష దగ్గరుండి చూస్తారట."

"చూసి ఏటి చేస్తారండి?"

"నీ పర్మినెంట్ ఫైలు ఆయన బల్ల మీదుంది. సంతకం పెట్టాలో, నిన్ను ఇంటికి పంపాలో చూశాక తేల్చుతారట." పంక్చరైన స్టెప్నీ ట్యూబు ల్యాబ్ వరండాలో పడేయించి, సాయంత్రం అతికించి ఉంచమని చెప్పి జీపు వెళ్ళిపోయింది.

శుభాకర్ లోపలికి పరుగెత్తాడు. స్టవ్వు ముందు అప్పలసూరి బీడీ కాలుస్తున్నాడు. తారు కరిగించే ఉద్యోగం అతనిది.

"అప్పలసూరీ, సూది ఏది?"

"ఇదిగో, స్టవ్వు కాడున్నాది బావ."

"అక్కడెందుకుంది?"

"స్టవ్వు పిన్ను ఇరిగిపోనాది. మూడేళ్ళ నుంచీ దీన్తోనే పొడుత్తన్నాను. బలే పనిముట్టు."

సూదిని తుడిచి పరీక్ష చేస్తే నలభై ఒకటి వచ్చింది. మళ్ళీ చేశారు. మళ్ళీ నలభై ఒకటే. పీపాలోని తారు ఎనభై ఏడని రిజిస్టరులో సిరాతో రాసి ఉంది. కాబట్టి తప్పు సూదిదేనని ఇద్దరూ తేల్చారు. మొద్దుబారిన సూదికి కొత్త మొన రాదు. సూదికి తగ్గట్టు తారునే మార్చాలి.

"కాస్త కిరసనాయిలు పోత్తే మెత్తబడతాది బావ," అన్నాడు అప్పలసూరి. అతని దృష్టిలో కాస్త అంటే అరసీసా. ఈసారి సూది నూట అరవై దాకా దిగిపోయింది.

"ఏటి చేశావురా బాబూ. ఎనిమిదేళ్ళ సర్వీసు కిరసనాయిల్లో కలిపేశావు."

"నాను సేసిందేటున్నాది, నువ్వే కదా పొయ్యమన్నావు. గట్టిపడాలంటే రబ్బరెయ్యాల. ఉండు."

అతను వరండాలోని ట్యూబును కత్తెరతో ముక్కలు చేసి తీసుకొచ్చే దాకా అది ఎవరిదో శుభాకర్‌కు తట్టలేదు. తట్టేసరికి ముక్కలు తారులో ఉడుకుతున్నాయి. ఆ వాసనకు పక్క ఆఫీసువాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

మూడింటికి ఎస్.ఈ. శ్రీరామ్మూర్తి వచ్చాడు. వెనకాలే సన్యాసిరాజు. సూది వదిలారు. ఎనభై ఏడు. శుభాకర్ తన కళ్ళను తానే నమ్మలేదు. ఈ అంకె నిజంగా వస్తుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు.

ఎస్.ఈ. మాత్రం తారును వేలితో లాగాడు. అది జానెడు సాగి వెనక్కి పోయింది.

"ఇందులో ఏం కలిపారు?"

"రబ్బరండి," అన్నాడు శుభాకర్.

"ఎక్కడిది?"

"ఈ.ఈ. గారి జీపు ట్యూబండి."

సన్యాసిరాజు ముఖం నల్లబడింది. ఎస్.ఈ. అతని వైపు గౌరవంగా తిరిగాడు. "తారులో రబ్బరు కలిపితే రోడ్డు గట్టిగా ఉంటుందని పోయిన నెల సెమినార్‌లో గంటసేపు చెప్పారు. మీరు సొంత ట్యూబు కోసి మరీ ప్రయోగం చేస్తున్నారన్న మాట."

"అంతా నా గైడెన్సే సార్," అన్నాడు సన్యాసిరాజు.

"మధురవాడ దగ్గర ఒక ఫర్లాంగు దీంతో వెయ్యండి. వానలకు తట్టుకుంటే ఇతని ఫైలు మీద సంతకం పెడతాను."

ఊళ్ళోని సైకిల్ షాపుల పాత ట్యూబులన్నీ ల్యాబ్‌కు చేరాయి. ఫర్లాంగు రోడ్డు పడింది. దానికి అటూ ఇటూ మామూలు తారుతో వేశారు. జూలైలో వానలు మొదలయ్యాయి. శుభాకర్ ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి, ఆ ఫర్లాంగు పొడవునా నడిచి, ప్రార్థన చేసుకుని వచ్చేవాడు.

ప్రార్థన ఫలించింది. ఆగస్టులో ఎస్.ఈ. గొడుగు వేసుకుని చూడటానికి వచ్చేసరికి ఆ ఫర్లాంగు నల్లగా నిగనిగలాడుతోంది. రెండు పక్కలా మోకాలి లోతు గోతులు. ఆనందపురం వెళ్ళే లారీలు ఫర్లాంగు దాకా పాక్కుంటూ వచ్చి, అక్కడ ఊపిరి పీల్చుకుని, మళ్ళీ గోతుల్లో దిగుతున్నాయి.

"రిజిస్టరులో అన్నీ ఎనభై ఏడే," అన్నాడు ఎస్.ఈ. "మరి ఇది ఉండి, అవి ఎందుకు పోయాయి?" హైదరాబాద్ నుంచి తెప్పించిన కొత్త సూదితో ఆయన పొద్దున్నే మిగిలిన మామూలు తారు పీపాను పరీక్షించి వచ్చాడు. ముప్ఫై తొమ్మిది.

సన్యాసిరాజు వెనకనుంచి గిల్లినా శుభాకర్‌కు చెప్పక తప్పలేదు. "పాత సూది తప్పేటీ లేదండి. ఏళ్ళ తరబడి ఎండలో పడి తారే గట్టిపడిపోయింది. ఆ అంకెలు నేను కూచుని వేసినవండి."

ఎస్.ఈ. వెంట తెచ్చిన రిజిస్టరు తిప్పాడు. ప్రతి పేజీ అడుగున పరిశీలించినట్టు పెద్ద అధికారి సంతకం ఉంది. చివరి మూడు నెలల సంతకాలు ఆయనవే. రిజిస్టరు టప్పున మూశాడు.

"రికార్డు ప్రకారం తారంతా ఒక్కటే. రోడ్డు మాత్రం ఒక్కలా లేదు. కాబట్టి లోపం రోడ్డులో ఉంది."

"ఏ భాగంలోనండి?" అని అడిగాడు సన్యాసిరాజు.

"తేడాగా ఉన్న భాగంలో."

మరుసటి వారం శుభాకర్‌ను పర్మినెంట్ చేస్తూ ఒక ఆర్డరు, అతని పర్యవేక్షణలో ఆ ఫర్లాంగును తవ్వించమని ఇంకో ఆర్డరు ఒకే కవరులో వచ్చాయి. ఒక్క రోజు పనికి ఆరు రోజులు పట్టింది. నాలుగు గడ్డపారలు విరిగాయి.

గడ్డపారలు నాసిరకమని శుభాకర్ రిపోర్టు రాశాడు.